అబ్సింత్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: అపోహలు, నిషేధాలు, ఇప్పటి చట్టాలు

అబ్సింత్ పేరెత్తితే చాలు, ఒకరు "అది తాగితే పిచ్చెక్కుతుందట కదా" అంటారు, ఇంకొకరు "అన్ని దేశాల్లోనూ బ్యాన్ కదా" అంటారు. యూరప్‌లోనో అమెరికాలోనో ఉన్న మన పిల్లలు షాపులో ఆ పచ్చ సీసా చూసి, ఇది కొంటే కేసవుతుందా అని టెన్షన్ పడతారు. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్ళు నేరుగా వెళ్ళిపోవచ్చు. తాగమని ప్రోత్సహించడానికి రాసింది కాదు. మద్యం చేసిన చెరుపునంతా వందేళ్ళ పాటు ఒక మొక్క నెత్తిన రుద్దారు. ఆ నిందలో నిజమెంతో తెలియాలని రాశాను.

## అసలు అదేమిటి

అబ్సింత్ అంటే వైనా, లిక్కరా, మందా?

డిస్టిల్ చేసిన ఘాటైన మద్యం. వర్మ్‌వుడ్ అనే చేదు మొక్క, యానిస్ గింజలు, సోంపు, ఈ మూడూ దాని ప్రాణం. వీటిని ఆల్కహాల్‌లో నానబెట్టి డిస్టిల్ చేస్తారు. పంచదార కలపరు. ఆల్కహాల్ సాధారణంగా 45 నుంచి 74 శాతం దాకా ఉంటుంది. మన దగ్గర అమ్మే విస్కీలో ఉండేది 42.8 శాతం. అందుకే అబ్సింత్‌ను ఉన్నదున్నట్టుగా తాగరు, ఒక వంతుకు మూడు నుంచి ఐదు వంతుల చల్లటి నీళ్ళు కలుపుతారు.

వర్మ్‌వుడ్ ఏ మొక్క? మనకు తెలిసినదేనా?

ఆ మొక్క కాదు గానీ దాని చుట్టాలు మనకు బాగా తెలుసు. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రుల్లో మొట్టమొదట చెప్పే మాచీపత్రి ఆ జాతిదే. పూలదండల్లో కట్టే దవనం కూడా అదే జాతి. శాస్త్రవేత్తలు ఈ జాతిని ఆర్టెమీసియా అంటారు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మందు ఇదే జాతికి చెందిన ఒక చైనా మొక్క నుంచి వచ్చింది, దాన్ని వెలికితీసిన తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అబ్సింత్‌లో వాడే ఆర్టెమీసియా అబ్సింథియం వేరే మొక్క. బూడిదరంగు ఆకులు, విపరీతమైన చేదు. యూరప్‌లో విరివిగా పెరుగుతుంది, మన దేశంలో కశ్మీర్ వైపు కనిపిస్తుంది. పూజకు తెచ్చిన మాచీపత్రిని ఆల్కహాల్‌లో నానబెడితే అబ్సింత్ అయిపోదు. దయచేసి అలాంటి ప్రయోగాలు చేయకండి.

నీళ్ళు పోయగానే పాలలా ఎందుకు మారిపోతుంది? ఏదైనా కెమికలా?

కెమికల్ ఏమీ కలపరు. యానిస్‌లోనూ సోంపులోనూ ఉండే అనెథోల్ అనే నూనె ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నీళ్ళు పెరిగేకొద్దీ ఆ నూనె కంటికి కనబడనంత సన్నటి బొట్లుగా విడిపోయి వెలుతురును చెదరగొడుతుంది. డెట్టాల్‌లో నీళ్ళు పోస్తే తెల్లబడటం మనందరం చూసిందే, ఇదీ అలాంటిదే.

పాత పద్ధతిలో చేస్తే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గ్లాసు మీద చిల్లుల చెంచా అడ్డంగా పెట్టి, దాని మీద చక్కెర బిళ్ళ ఉంచి, మంచు నీళ్ళు బొట్టు బొట్టుగా వదులుతారు. మొదట గ్లాసు అడుగున చిన్న పొగలా లేస్తుంది, అది మెల్లగా పైకి పాకి, చివరికి పైన సన్నటి పచ్చ గీత మాత్రం మిగులుతుంది. అదీ పోతే కలపడం పూర్తయినట్టు. ఈ తెల్లబడటాన్ని ఫ్రెంచివాళ్ళు లూష్ అంటారు.

ఆ పచ్చరంగు సహజమైనదేనా?

మంచి సరుకులో సహజమైనదే. డిస్టిల్ అయి వచ్చిన ద్రవం నీళ్ళలా తెల్లగా ఉంటుంది. అందులో హిస్సప్, లెమన్ బామ్, చిన్న వర్మ్‌వుడ్ లాంటి ఆకులు నానబెడితే ఆకుల్లోని పత్రహరితం దిగి పచ్చబడుతుంది. ఏళ్ళు గడిస్తే, ఎండ తగిలితే ఆ పచ్చదనం ఎండుటాకు రంగుకు తిరుగుతుంది. నియాన్ లైటులా మెరిసిపోయే పచ్చరంగు కనిపిస్తే అది రంగు కలిపిన సరుకేనని అనుమానించాలి. రంగు వేయకుండా తెల్లగానే అమ్మే రకం కూడా ఉంది, స్విట్జర్లాండ్‌లో దాన్ని 'లా బ్లూ' అంటారు.

## అపోహలు

తాగితే లేనివి కనిపిస్తాయట, నిజమేనా?

కాదు. ఈ ప్రచారమంతా వర్మ్‌వుడ్‌లో ఉండే థుజోన్ అనే పదార్థం చుట్టూ పుట్టింది. గంజాయిలోని మత్తు పదార్థం లాగే ఇదీ పనిచేస్తుందేమో అని 1975లో కొందరు శాస్త్రవేత్తలు ఊహించారు. ఊహ బాగా ప్రచారమైంది. 1999లో పరీక్షించి చూస్తే అలా పనిచేయదని తేలింది. థుజోన్ నిజంగా చేసేది వేరు: మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థను అడ్డుకుంటుంది. అందుకే మోతాదు బాగా మించితే మూర్ఛ వస్తుంది. అంతేగానీ రంగురంగుల దృశ్యాలు కనబడవు. సీసాలో ఉండే కొద్దిపాటి థుజోన్‌తో మూర్ఛ రావాలంటే, అంతకన్నా చాలా ముందే ఆల్కహాల్ మనిషిని పడగొట్టేస్తుంది.

ఇప్పటిది డూప్లికేట్, పాతకాలపు అబ్సింత్‌లోనే అసలు పవర్ ఉండేది అంటారు?

ఇది అమ్మకందారులకు బాగా కలిసొచ్చిన కథ. నిషేధానికి ముందు తయారై, మూత తీయకుండా మిగిలిపోయిన 13 సీసాలను పరీక్షించిన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. లీటరుకు 0.5 నుంచి 48.3 మిల్లీగ్రాముల థుజోన్ ఉంది, సగటున 25.4. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ అనుమతించే గరిష్ఠ పరిమితి కిలోకు 35 మిల్లీగ్రాములు. అంటే ఆ రోజుల్లో కేఫుల్లో పోసిన దానిలో చాలా భాగం నేటి చట్టానికి లోబడే ఉండేది.

మరి డాక్టర్లే అది విషమని నిరూపించారు కదా?

పారిస్‌లోని సెయింట్ ఆన్ మానసిక చికిత్సాలయంలో పనిచేసిన డాక్టర్ వాలెంటిన్ మాన్యన్ 1860ల నుంచి జంతువుల మీద ప్రయోగాలు చేశాడు. ఒక జంతువుకు వర్మ్‌వుడ్ నూనె, ఇంకొకదానికి ఆల్కహాల్ ఇచ్చి పోల్చాడు. నూనె పట్టిన జంతువులకు ఫిట్స్ వచ్చాయి. దాన్నిబట్టి మామూలు తాగుడు రోగం వేరు, 'అబ్సింతిజం' అనే రోగం వేరు అని తేల్చేశాడు.

తిరకాసు ఎక్కడంటే, అతను ఇచ్చింది చిక్కటి నూనె. గ్లాసులో మనిషికి అందేది అందులో అత్యల్ప భాగం. అతను ఆసుపత్రిలో చూసిన రోగులు రోజూ విపరీతంగా తాగేవాళ్ళు, వాళ్ళ లక్షణాలన్నీ దీర్ఘకాలం మద్యం తాగినవారిలో కనిపించేవే. ఆ కాలంలోనే కొందరు డాక్టర్లు ఈ అభ్యంతరం లేవనెత్తారు గానీ వాళ్ళ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. చవకరకం అబ్సింత్‌లో పచ్చరంగు కోసం రాగి లవణాలు, తెల్లబడటానికి యాంటిమొనీ క్లోరైడ్ కలిపేవారు. జనం ఆరోగ్యం చెడటంలో ఆ కల్తీకీ వాటా ఉంది.

వాన్ గో చెవి కోసుకున్నది దీని వల్లేనా?

అలా అని చెప్పడానికి ఆధారం లేదు. 1888 డిసెంబరులో, ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో, తోటి చిత్రకారుడు గోగాఁతో గొడవైన రాత్రి ఆ ఘటన జరిగింది. వాన్ గో అబ్సింత్ తాగేవాడు, ఆ మాట నిజం. దానితోపాటు వేరే మద్యమూ తాగేవాడు, సరిగ్గా తినేవాడు కాదు, అప్పటి డాక్టర్లు అతనికి మూర్ఛరోగం ఉందని రాశారు. అంత యాతన పడ్డ మనిషి కథను ఒక సీసా మీద తోసేసి చేతులు దులుపుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

చక్కెరకు నిప్పంటించి తాగడం పాత సంప్రదాయమేనా?

కాదు. 1990లలో చెక్ దేశపు బార్లలో మొదలైన తతంగం అది. 70 శాతం ఆల్కహాల్ పక్కన మంట పెట్టడం ప్రమాదం, పైగా మాడిన చక్కెరతో రుచీ పోతుంది.

ఆన్‌లైన్‌లో వర్మ్‌వుడ్ నూనె దొరుకుతోంది. వోడ్కాలో కలుపుకుంటే అబ్సింత్ అవుతుందా?

ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. 1997లో ఒక అమెరికా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. 31 ఏళ్ళ వ్యక్తి ఇంటర్నెట్‌లో వర్మ్‌వుడ్ నూనె తెప్పించుకుని, అదే అబ్సింత్ అనుకుని సుమారు 10 మిల్లీలీటర్లు తాగాడు. ఫిట్స్ వచ్చాయి, కండరాలు దెబ్బతిన్నాయి, కిడ్నీలు పనిచేయడం మానేశాయి. చికిత్సతో బతికాడు. థుజోన్ భయం నిజంగా వర్తించేది ఈ నూనె సీసాకే.

## నిషేధం ఎలా వచ్చింది

ఇది ఎక్కడ పుట్టింది? అంతగా ఎలా పాకింది?

స్విట్జర్లాండ్‌లోని వాల్-ద-ట్రావేర్ లోయలో, 18వ శతాబ్దం చివర్లో, మొదట మందుగా. అక్కడి కువే గ్రామంలో ద్యుబియే అనే వ్యాపారి, అతని అల్లుడు అన్రీ-లూయీ పెర్నో కలిసి డిస్టిలరీ పెట్టారు. 1805లో పెర్నో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని పొంతార్లియేలో పెద్ద ఫ్యాక్టరీ తెరిచాడు.

1840లలో అల్జీరియాలో పోరాడే ఫ్రెంచి సైనికులకు జ్వరాలు రాకుండా అబ్సింత్ ఇచ్చారు. ఇంటికి తిరిగొచ్చిన సైనికులు ఆ అలవాటును వెంట తెచ్చుకున్నారు. తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేసింది. వైన్ ధర కొండెక్కింది, బీట్‌రూట్ ఆల్కహాల్‌తో చేసిన అబ్సింత్ చవకైంది. సాయంత్రం ఐదు గంటల వేళకు 'పచ్చ గంట' అనే పేరే స్థిరపడింది. 1910 నాటికి ఫ్రాన్స్‌లో ఏడాదికి 3.6 కోట్ల లీటర్లు తాగేవారని లెక్క.

ఒకసారి నది నిండా అబ్సింత్ పారిందట, కట్టుకథేనా?

కట్టుకథ కాదు. 1901 ఆగస్టు 11న పొంతార్లియేలోని పెర్నో ఫ్యాక్టరీ మీద పిడుగు పడింది. మంటలు తొట్లకు అంటుకుంటే ఊరే పేలిపోతుందని భయపడి ఒక ఉద్యోగి నిల్వ ఉన్న అబ్సింత్‌ను పక్కనున్న దూ నదిలోకి వదిలేశాడు. రెండు రోజుల తర్వాత, అక్కడికి చాలా దూరంలో కొండల్లోంచి ఊటగా పుట్టే లూ అనే నది దగ్గర అబ్సింత్ వాసన వచ్చింది. దూ నది నీరే భూగర్భంలో ప్రవహించి లూ ఊటగా పైకి వస్తోందని అప్పుడు బయటపడింది. 1910లో రంగు కలిపి పరీక్షించి నిర్ధారించారు.

ఒక హత్య వల్లే బ్యాన్ అయిందంటారు. ఏమిటా హత్య?

1905 ఆగస్టు 28. స్విట్జర్లాండ్‌లోని వో ప్రాంతంలో కొమ్యూనీ అనే పల్లె. ద్రాక్షతోటలో కూలిపని చేసే జాన్ లాన్‌ఫ్రే ఆ రోజు పొద్దుటి నుంచీ తాగుతూనే ఉన్నాడు. గ్లాసుల కొద్దీ వైన్, కోన్యాక్, పుదీనా లిక్కర్, బ్రాందీ కలిపిన కాఫీ తాగాడు. వాటితోపాటు రెండు గ్లాసుల అబ్సింత్. ఇంటికొచ్చి, బూట్లు పాలిష్ చేయలేదని భార్యతో తగువు పెట్టుకున్నాడు. తుపాకీ తీసి ఆమెను కాల్చేశాడు. ఆమె గర్భవతి. తర్వాత ఇద్దరు చిన్న కూతుళ్ళను కూడా చంపేశాడు. తనను తాను కాల్చుకున్నాడు గానీ చావలేదు.

అతను రోజుకు కొన్ని లీటర్ల వైన్ తాగే మనిషి. కానీ పత్రికలు, సంఘసంస్కర్తలు పట్టుకున్నది ఆ రెండు గ్లాసుల అబ్సింత్‌నే. ద్రాక్ష పండించే ప్రాంతంలో వైన్‌ను తప్పుపట్టడం ఎవరికీ మింగుడుపడదు కదా. కోర్టులోనూ వాదన అబ్సింత్ చుట్టూనే తిరిగింది. శిక్ష పడిన కొద్ది రోజులకే అతను జైల్లో ఉరేసుకున్నాడు. నిషేధం కోరుతూ 82,000 మంది సంతకాలు చేశారు, 1906లో వో ప్రాంతం నిషేధించింది. 1908 జులై 5న దేశమంతటా ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 63 శాతానికి పైగా నిషేధానికి ఓటేశారు. 1910 అక్టోబరు నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఒక తల్లీ పిల్లల ప్రాణాలు పోయాయి. జనానికి కోపం రావడంలో తప్పేమీ లేదు. ఆ కోపం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదన్నదే నా బాధ.

ఏ దేశం ఎప్పుడు నిషేధించింది?

బెల్జియం 1906లో, నెదర్లాండ్స్ 1909లో, అమెరికా 1912లో. ఫ్రాన్స్ మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1915 మార్చిలో చట్టం చేసింది. జర్మనీ 1923లో. బ్రిటన్ ఎన్నడూ నిషేధించలేదు, అక్కడ పెద్దగా తాగేవాళ్ళే లేరు. "ప్రపంచమంతా బ్యాన్" అన్న మాట ఏ కాలంలోనూ నిజం కాదు.

ఇదంతా వైన్ వ్యాపారుల కుట్రేనా?

కుట్ర అనడం ఎక్కువ, ప్రమేయం లేదనడం తక్కువ. ద్రాక్షతోటలు కోలుకున్నాక వైన్ రైతులకు పోయిన మార్కెట్ తిరిగి కావాలి. మద్యపాన వ్యతిరేక సంఘాలకు కళ్ళకు కనబడే ఒక శత్రువు కావాలి. వైన్ ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లే చెప్పే రోజులవి. యుద్ధం వచ్చేసరికి సైనికులు బలహీనపడతారన్న భయం తోడైంది. ఇందరి అవసరం ఒకే సీసా మీద కలిసింది.

నిషేధించాక తాగుడు తగ్గిందా?

తాగేది మారింది. 1920లో ఫ్రాన్స్ వర్మ్‌వుడ్ లేని యానిస్ మద్యాలను మళ్ళీ అనుమతించింది. 1932లో మార్సెయ్‌లో పాల్ రికార్ తన పాస్తిస్ అనే యానిస్ మద్యంతో మార్కెట్‌లోకి వచ్చాడు. నీళ్ళు పోస్తే అదీ తెల్లబడుతుంది. వాల్-ద-ట్రావేర్ లోయలో మాత్రం ఇళ్ళల్లో దొంగచాటుగా కాచడం ఆగనే లేదు. రంగు వేస్తే దొరికిపోతామని తెల్లగా తయారుచేసేవారు. 1983లో ఫ్రెంచి అధ్యక్షుడు మిత్తెరాఁ స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ వచ్చినప్పుడు విందులో అబ్సింత్ వేసిన ఐస్ సూఫ్లే వడ్డించారు, వండిన రెస్టారెంటు యజమాని మీద కేసు పడింది.

## నిషేధం ఎత్తేశాక

తిరిగి ఎలా వచ్చింది?

1988లో యూరోపియన్ దేశాలు ఆహారంలో, పానీయాల్లో థుజోన్ ఎంతవరకు ఉండొచ్చో ఒకే పరిమితి పెట్టుకున్నాయి. పరిమితి పెట్టారంటే దానికి లోబడి అమ్ముకోవచ్చనే అర్థం. 1990లలో చెక్ దేశం నుంచి బ్రిటన్‌కు సీసాలు దిగుమతి కావడంతో మళ్ళీ మోజు పుట్టింది. నెదర్లాండ్స్‌లో 2004లో కోర్టు తీర్పుతో దారి తెరుచుకుంది, బెల్జియం 2005లో తన పాత నిషేధాన్ని రద్దు చేసింది.

ఫ్రాన్స్‌లో ఇప్పుడు లీగలేనా? 1915 చట్టం ఏమైంది?

లీగలే. 1988 నుంచి వేరే పేరుతో, 'వర్మ్‌వుడ్ మొక్కలతో చేసిన మద్యం' అని లేబుల్ వేసి అమ్మడానికి వీలు కల్పించారు. 1915 చట్టాన్ని 2011లో పూర్తిగా రద్దు చేశారు. అప్పటి నుంచి అబ్సింత్ అని నేరుగా రాసుకోవచ్చు.

స్విట్జర్లాండ్‌లో?

2005 మార్చి 1 నుంచి చట్టబద్ధం. దొంగచాటుగా కాచినవాళ్ళలో కొందరు లైసెన్సు తీసుకుని బాహాటంగా డిస్టిలరీలు పెట్టుకున్నారు. మోతియే ఊళ్ళో ఒకప్పుడు వాళ్ళ మీద కేసులు విచారించిన కోర్టు భవనమే 2014 నుంచి అబ్సింత్ మ్యూజియం. ఆ పేరు మీద తమ లోయకే హక్కుండాలని వాళ్ళు పోరాడారు. అబ్సింత్ అన్నది అందరూ వాడుకునే సాధారణ పేరంటూ 2014లో కోర్టు ఆ హక్కును ఒప్పుకోలేదు. నిషేధకాలమంతా ఆ పానీయాన్ని బతికించుకున్న ఊళ్ళకు అది పెద్ద దెబ్బ.

అమెరికాలో దొరికేది అసలైనదేనా?

అవును, 2007 నుంచి. అక్కడి నిబంధన ప్రకారం మద్యం 'థుజోన్ రహితం'గా ఉండాలి. అయితే పరీక్షలో పది లక్షల భాగాలకు 10 భాగాల లోపు ఉంటే లేనట్టే లెక్క. సరిగ్గా డిస్టిల్ చేసిన అబ్సింత్ ఆ లెక్కలో ఇమిడిపోతుంది. లేబుల్ మీద 'అబ్సింత్' ఒక్కటే బ్రాండు పేరుగా ఉండకూడదు, మత్తులో భ్రమలు కలుగుతాయన్నట్టు బొమ్మలు వేయకూడదు. కొనడానికి 21 ఏళ్ళు నిండాలి.

లేబుల్ మీద అబ్సింత్ అని ఉంటే చాలా? నకిలీని ఎలా గుర్తుపట్టాలి?

చాలదు. యూరోపియన్ యూనియన్‌లో అబ్సింత్ అంటే ఇదీ అనే నిర్వచనం లేదు. 2013లో ఒక ప్రతిపాదన వస్తే పార్లమెంటు తిరస్కరించింది. అందుకే రంగూ ఎసెన్సూ కలిపిన స్పిరిట్‌కు కూడా ఆ పేరు పెట్టేస్తున్నారు. డిస్టిల్ చేసినదని రాసి ఉందా, కృత్రిమ రంగు ఉందా చూడండి. నీళ్ళు పోస్తే తెల్లబడాలి. 'థుజోన్ ఎక్కువ' అని గొప్పగా ప్రకటించుకునే సీసాను అక్కడే వదిలేయండి.

## మన దేశానికి వచ్చేసరికి

విదేశం నుంచి వస్తూ ఒక సీసా తెచ్చుకోవచ్చా?

విమానంలో వచ్చే పెద్దవాళ్ళకు సుంకం లేకుండా మొత్తం 2 లీటర్ల మద్యం దాకా అనుమతి ఉంది. చాలామంది దెబ్బతినేది ఇంకో చోట. ఆల్కహాల్ 70 శాతం దాటిన సీసాను విమానంలో చెక్-ఇన్ బ్యాగులో గానీ చేతిసంచిలో గానీ ఎక్కించనివ్వరు. అబ్సింత్‌లో 72, 74 శాతం రకాలున్నాయి, కొనే ముందే అంకె చూసుకోండి. గుజరాత్, బిహార్ లాంటి మద్యనిషేధ రాష్ట్రాలకు వెళ్ళేవాళ్ళు అక్కడి చట్టం వేరని గుర్తుంచుకోవాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అమ్ముతారా?

మన రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల పరిధిలోనిది. ఏ బ్రాండు అయినా ఆ రాష్ట్ర ఎక్సైజ్ శాఖ దగ్గర అనుమతి పొందితేనే షాపులోకి వస్తుంది. కాబట్టి ఫలానా సీసా దొరుకుతుందా లేదా అన్నది ఆ ఏడాది ఆ రాష్ట్రంలో దానికి అనుమతి ఉందా అన్నదాని మీదే ఆధారపడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ కనీస వయసు 21.

ఎవరు అసలు ముట్టుకోకూడదు? తాగేవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

గర్భవతులు, మూర్ఛరోగం ఉన్నవాళ్ళు, కాలేయ సమస్య ఉన్నవాళ్ళు, మద్యంతో పడని మందులు వాడేవాళ్ళు, బండి నడపాల్సినవాళ్ళు దీని జోలికి పోకూడదు. మిగతావాళ్ళు లెక్క తెలుసుకుని తాగాలి. 68 శాతం అబ్సింత్ 30 మిల్లీలీటర్లు పోస్తే అందులో 20 మిల్లీలీటర్లకు పైగా స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది, అంటే సుమారు 48 మిల్లీలీటర్ల విస్కీతో సమానం. తియ్యగా, సోంపు వాసనతో చల్లగా దిగిపోతుంది కాబట్టి రెండో గ్లాసు, మూడో గ్లాసు తెలియకుండానే అయిపోతాయి. నీళ్ళు కలపకుండా షాట్‌లా కొట్టమని ఎవరైనా పందెం కాస్తే ఒప్పుకోకండి. తాగిన మనిషి పిలిచినా పలకకపోయినా, శ్వాస నెమ్మదించినా, వాంతి చేసుకుంటూ స్పృహ కోల్పోయినా పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.